తోపు

వచ్చే సీజన్ ఎలా ఉంటుందని అడిగితే
మోకాళ్ళ గురించి చెప్పగలను.
నాకు కనబడేవి అవే.
ఎదుటివాళ్ళ మోకాళ్ళు, బురద, ఊడిన నా బూటు లేసు,
బొంజుబాబు చెంప మీద జారే చెమట.
స్క్రమ్‌లో తల వంచాక
ఆకాశం ఇంకొకడి ఆస్తి.

మొదటి వరుస, ఎడమ చివర.
జెర్సీ మీద ఒకటో నంబరు.
ఆ మాట మామ్మకి చెబితే
క్లాసులో ఫస్టొచ్చాననుకుని
వీధంతా జీళ్ళు పంచింది.
నేను దిద్దలేదు.

బంతి నా దాకా రావడం తక్కువ.
పోయిన ఏడాది ఆరు మ్యాచుల్లో నాలుగుసార్లు.
రెండు జారవిడిచాను.
వీడియోలో ఆ రెండే ఉన్నాయి.

వింగ్‌లో పరిగెత్తే తేజేష్‌ని
కాలేజీ అంతా తోపు అంటుంది.
మంచివాడే, ట్రై కొట్టాక కూడా జుట్టు చెరగదు.
కానీ మాటని మాటలా చూస్తే
తోపు నేను కదా.

మా ఇంట్లో అందరూ లాగేవాళ్ళు.
జాలరిపేట ఒడ్డున
నడుముకి తాడు చుట్టి
వెనక్కి, ఇంకా వెనక్కి అడుగులేస్తూ
సముద్రంలోంచి కూర తెచ్చేవాళ్ళు.
నాన్న అరచేతిలో గీతలన్నీ తాడు గీసినవే.
చెయ్యి చూస్తానన్న జోస్యుడు
పది రూపాయలు తిరిగిచ్చేశాడు.
అలాంటి ఇంట్లో పుట్టి
నేను ముందుకి తోస్తాను.

పోయిన డిసెంబరు, రాజమండ్రి, సెమీఫైనల్.
ఆఖరి మూడు నిమిషాలు. మా గీతకి అయిదు మీటర్లు.
క్రౌచ్ అన్నాడు రిఫరీ. బైండ్ అన్నాడు.
సెట్ అన్నాక
నా ఎడమ భుజం లోపల ఏదో
పచ్చికొమ్మ విరిగినట్టు, చప్పుడు లేకుండా.
ఎనిమిదిమంది బరువు నా మీదుగా కూలింది.
స్కోరు పేపర్లో వచ్చింది.
భుజం రాలేదు.

తిరుగు బస్సులో నన్నెవరూ ఏమీ అనలేదు.
అనుంటే బాగుండేది.
తుని దాటాక బొంజుబాబు,
అరకు నుంచి వాళ్ళమ్మ పంపిన కమలాపండు వలిచి
సగం నా ఒళ్ళో పెట్టి
కిటికీ వైపు తిరిగి పడుకున్నాడు.

ఇప్పుడు కోరాడ మాస్టారి నోటుబుక్కులో
బరువు నూట నాలుగు, కావలసింది నూట ఎనిమిది.
మెడ పదిహేడున్నర అంగుళాలు.
భుజం పక్కన ప్రశ్నార్థకం,
అదొక్కటే పెన్సిల్‌తో.
పెన్సిలంటే చెరపొచ్చనే కదా.

పొద్దున్నే ఎనిమిది గుడ్లు,
ఎండునెత్తళ్ళ వేపుడు, రెండు చెంబుల అంబలి.
క్యాంటీన్ సోములు అప్పుల పుస్తకంలో
నాకు విడిగా ఒక పేజీ.
సాయంత్రం మావయ్య ఆటోని న్యూట్రల్‌లో పెట్టి
పెదవాల్తేరు ఎత్తు మీదికి తోస్తాను.
పెట్రోలైపోయిందా తమ్ముడూ అని
ఒకాయన స్కూటరాపి వచ్చి చెయ్యేశాడు.
ఎలా వద్దంటాం?
ఇద్దరం పైదాకా తోశాం.
బంకు అటు కాదు, కిందుంది అన్నాడు పాపం,
రొప్పుతూ.

రాత్రి భుజానికి ఇసుక మూట కాపడం పెడుతూ
మామ్మ అంది:
"ఒరే గుంటడా,
వల లాగినప్పుడు జనం మూగుతారు, పొటోలు తీస్తారు.
సీకట్లో తెప్పని కెరటం దాటించి తోసినోణ్ణి
ఎవుడు సూసినాడ్రా?
మీ తాత ఆ పనే సేసీవోడు.
ఎడం పక్కే."
కాసేపాగి,
"నువ్వు పస్టు రాలేదని నాకెరికే" అంది.

గెలుస్తామా అంటే తెలీదు.
కార్తీకంలో తుఫానొస్తే గ్రౌండంతా మడుగు,
అవతలివాళ్ళ ప్రాప్ నూట ఇరవై అంటున్నారు.
నన్ను కప్పు గురించి కాదు,
మూడు అంగుళాల గురించి అడగండి.

ఇవాళ నాలుగింటికే లేచి ఒడ్డుకెళ్ళాను.
మావయ్య బోటు అంచుకి ఎడమ భుజం ఆనించాను.
మంచు తడి, డీజిల్ వాసన, చల్లటి ఫైబరు.
కాళ్ళు చీలమండల దాకా ఇసుకలో దిగాయి.
కదల్లేదు.
అవతలి పక్క నుంచి, చీకట్లోంచి,
"ఉండ్రా" అన్నాడు మావయ్య,
"కెరటం రానీ."