మూడో అంతస్తులో లేనిది

గ్రోనింగెన్ లైబ్రరీలో పుస్తకాలు సర్దేవాణ్ణి నేను,
చదివేవాణ్ణి కాదు.
నా తోపుడుబండి చక్రం ఒకటి కీచుమంటుంది.
నూనె వెయ్యాలనుకుంటూనే ఇరవై రెండేళ్లు.

తత్వశాస్త్రం మూడో అంతస్తు.
పొడుగాటి కిటికీలు, కాలువ మీంచి వచ్చే వెలుతురు,
గ్రీకుల దగ్గర బయల్దేరి పారిస్‌లో దిగిపోయే అరలు.
భారతీయులు నేలమాళిగలో.
అటు మతాలు, ఇటు వ్యాకరణాలు,
నెత్తి మీద వేడినీళ్ల గొట్టం.
ఎవరు పెట్టారో తెలీదు. నేను చేరేసరికే అక్కడున్నారు.

రోజూ అక్కడికి దిగి వచ్చేది హింకె పోస్తుమా ఒక్కతే.
సైకిలు క్లిప్పు కాలికి అలాగే ఉండగా
తడి కోటు గొట్టం మీద ఆరేసి
సంస్కృతం చదువుతూ తనలో తనే నవ్వుకునేది.
వేదాంతంలో ఇంత నవ్వేముందని అడిగాను.
"వేదాంతం కాదయ్యా, పోట్లాట.
ఇదిగో, ఇతను ముందు ఎదుటివాడి మాట చెబుతాడు,
వాడికంటే బాగా చెబుతాడు,
ఆ తర్వాతే కొడతాడు."

ఆమె క్లాసుకి నలుగురు. ఒక ఏడాది ఇద్దరే.
గది ఇవ్వకపోతే నా బల్ల దగ్గరే చెప్పేది.
ఒక నవంబరు సాయంత్రం నా కాఫీ కప్పు తీసి
వీపు వెనక దాచి అడిగింది:
"బల్ల మీద ఏం చూశారు?"
"ఏమీ లేదు," అన్నాడొకడు.
"కప్పు లేదు," అంది సిట్స్కె, ఫిజిక్స్ చదివే పిల్ల.
"లేకపోవడం నీ కంటికి కనబడిందా?
కప్పు కనబడకపోవడం వల్ల తెలిసిందా?"
ఇంత చిన్న మాట మీద
వందల ఏళ్లు కొట్టుకున్నారట, బడులకు బడులే.
గొట్టం చల్లారేదాకా ఆ రాత్రి ఎవరూ లేవలేదు.
నా కాఫీ సంగతి ఎవరికీ పట్టలేదు.

వసంతంలో ఆమె మూడో అంతస్తుకి అర్జీ పెట్టుకుంది,
మొదటి ఏడు పిల్లలకి ఆరు వారాలు ఇస్తే చాలునని.
కుర్చీలు వెయ్యడానికి వెళ్లి నేను గోడ పక్కనే ఉండిపోయాను.
ఆల్బెర్డా గారు మర్యాదస్తులు.
బిస్కెట్ల పళ్లెం ఆమె వైపు జరిపి మరీ చెప్పారు,
అది గొప్ప సంస్కృతి అనీ, గొప్ప అనుభవం అనీ,
వాళ్లమ్మాయి కూడా యోగా చేస్తుందనీ.
"కానీ ముప్పై ఏళ్లుగా ఈ పాఠాలు నడుపుతున్నాను.
నిజం చెప్పాలంటే, నాకెప్పుడూ ఏ లోటూ కనబడలేదు."

హింకె బిస్కెట్టు సగం కొరికి ఆగింది.
"మీ మాట నమ్ముతాను," అంది.
"కుండని ఎరిగినవాడికే
నేల మీద కుండ లేదని తెలుస్తుంది.
ఎరగనివాడికి అది ఉత్త నేల."
ఎవరో దగ్గారు.
తర్వాతి అంశం ప్రింటర్ల ఖర్చు.

జూన్‌లో ఆమె రిటైరైంది, ఆమెతోపాటే ఆ ఉద్యోగమూ.
వెళ్తూ వెళ్తూ నాకొక నూనె డబ్బా ఇచ్చింది.

ఆ తర్వాత నేను చేసింది తప్పే, రాసి పెట్టుకోండి.
నేలమాళిగలోంచి ఒక పుస్తకం
(ఎర్ర అట్ట, చిరిగిన వీపు, పేరు నా నోరు తిరగదు)
లిఫ్టులో పైకి తెచ్చి
తర్కం అరలో జర్మన్ల మధ్య ఇరికించాను.
వారం తిరక్కుండా "చోటు తప్పింది" అన్న చీటీతో కిందికొచ్చింది.
మళ్లీ పెట్టాను. మళ్లీ వచ్చింది.
శీతాకాలమంతా ఇద్దరం ఎక్కుతూ దిగుతూ ఉన్నాం,
అదీ నేనూ.

మార్చిలో చీటీ రాలేదు.
రెండు వారాలు చూసి పైకి వెళ్లాను,
బండి ఇప్పుడు చప్పుడు చెయ్యదు.
లావాటి జర్మన్లిద్దరి మధ్య
రెండు వేళ్లు పట్టేంత సందు.
పక్కవి ఇంకా ఒరగలేదు.
ఎవరు పట్టుకెళ్లారో కంప్యూటర్లో చూడొచ్చు. చూడలేదు.
వేళ్లు పెట్టి అలా నిలబడి ఉండగా
ఆల్బెర్డా గారు అటుగా పోతూ ఆగారు.
"ఏం చూస్తున్నావు?"
"ఒక పుస్తకం లేదండీ," అన్నాను.
కళ్లద్దాలు పైకి తోసుకుని
ఆయన కూడా వంగి చూశారు.