ఇరవైరెండు బై ముప్పై

విజయనగరంలో గంటస్తంభం వెనక సందులో నా ఫ్రేముల కొట్టు.
గోడ నిండా దేవుళ్లు, పోయినవాళ్లు,
ఇద్దరికీ ఒకటే బంగారు రంగు అంచు.
వాళ్ల మధ్యకి
ఇజ్జాడ మాస్టారు ఆమెను గోనెపట్టాలో చుట్టి తెచ్చారు.

విప్పితే నీలం.
పీట మీద కూర్చున్న ఆడమనిషి,
ఒంటి మీద నూలుపోగు లేదు.
ముఖం ఉండాల్సిన చోట కోడిగుడ్డంత ఖాళీ.
మోకాలు మూడు మూలల పలక.
రొమ్ము ఒకటి ఎదురుగా, ఒకటి పక్కనుంచి.
భుజం మీంచి తొడ దాకా
కుంచె వెనక మొనతో గీరిన పసుపు గీతలు, వందలు.

"ఏంటి మాస్టారూ ఇది?"
"కొలత తీసుకో" అన్నారాయన.

తీసుకున్నాను. ఇరవైరెండు బై ముప్పై.
టేపు కొస ఆమె పాదం దగ్గర పెట్టేటప్పుడు
ఎందుకో చెప్పులు విడిచాను.
బిల్లు పుస్తకంలో 'వివరం' అని ఒక గడి ఉంటుంది.
వెంకన్న అని రాస్తాను, తాతగారు అని రాస్తాను.
ఆవేళ పెన్ను ఆగిపోయింది.

మూడు రోజులు ఆమెను గోడవైపు తిప్పి ఉంచాను.
పక్క కొట్టువాడు రోజుకి రెండుసార్లు సుత్తి అరువుకొచ్చాడు.
కాలేజీ కుర్రాడొకడు
ముక్కలైన దేహం అన్నాడు, మగచూపు అన్నాడు,
పగిలిన అద్దం అన్నాడు.
నాకు అద్దాలు తెలుసు. అవి అలా పగలవు.

నాలుగోనాడు నెల్లిమర్ల నించి సూరీడమ్మ వచ్చింది,
మొగుడి ఫొటో కొంగులో చుట్టుకుని.
నేను చెక్క కోస్తుంటే తనే తిప్పి చూసింది.
నాకు చెమట పట్టింది. ఆమెకు పట్టలేదు.

"సిఫ్టు దిగొచ్చి కూకున్నాది" అంది.
"ఆ పసుపు గీతలు అగుపడ్నేదా బాబూ? నార.
జూటుమిల్లు నార. కోకలోంచి కూడా దూరిపోద్ది.
తానానికని అన్నీ ఇప్పేసి పీటేసుకుంటామా,
కూకున్నాక సెంబెత్తడానికి సెయ్యి రాదు.
కాసేపు అలగే.
అప్పుడు మొకం ఏటుంటాది? ఎవులికి సూపిద్దామని?"

రంపం సగం చెక్కలో ఉండిపోయింది.

"దీనికి అద్దం ఎయ్యకు. ఉక్కపోస్తాది" అంది.
మొగుడి ఫొటోకి మాత్రం
మందం అద్దం కావాలని బేరమాడింది.
వెళ్తూ వెళ్తూ ఆమె మీద గోనెపట్టా కప్పింది,
తడిక దగ్గరికి లాగినట్టు.

శనివారం మాస్టారు వచ్చి బిల్లు చదివారు.
వివరం: నీళ్లు పోసుకోబోయే ముందు.
"అది కాదోయ్. ఇది నీలం. ఉత్త నీలం."
చిల్లర లెక్కపెట్టి ఇచ్చారు.
బిల్లు మాత్రం నాలుగు మడతలు పెట్టి
కళ్లజోడు డబ్బాలో దాచుకున్నారు.