ఆరాధన లెక్కల పుస్తకం

మొదటి పేజీలో పదకొండు అని ఉంటుంది.
అందులో ఇద్దరు నీడ కోసం వచ్చినవాళ్లు,
ఒకడు తప్పిపోయిన కుక్కను వెతుక్కుంటూ వచ్చాడు.
అయినా రాశాను.
ఆ పుస్తకాన్ని తులియారా నుంచి ఫాదర్ రజఫెర
అరటిగెల కింద దాచుకుని తెచ్చాడు.
తేదీ, పండుగ, వచ్చినవాళ్లు, కానుక
అని గడులు వేలితో చూపించి,
ఆడవాళ్లలో అక్షరమ్ముక్క వచ్చింది నాకొక్కదానికే గనుక
కలం నా చేతిలో పెట్టి ఎడ్లబండి ఎక్కాడు.
నెల దాకా మళ్లీ రాడు.

మా గుడి కప్పు ఒక పాత తెరచాప.
ఫనుమెజ వాళ్ల నాన్న పడవది, పిండి సంచులు కలిపి కుట్టింది.
మిల్లు పేరు తలకిందులుగా ఇంకా చదవొచ్చు.
మధ్యాహ్నం దక్షిణపు గాలి లేచేసరికి
అది పొట్ట ఉబ్బించి గుంజల్ని పీకేది.
కీర్తన మధ్యలో నలుగురు మగవాళ్లు లేచి
తాళ్లు పట్టుకునేవాళ్లు, పాట ఆపకుండా.
గుడి గుడంతా వేటకు బయల్దేరినట్టుండేది.

పదిగంటలకు ఆరాధన అని పట్నం కాగితం.
మా గంట సముద్రం చేతిలో ఉంది.
నీళ్లు వెనక్కి తీస్తే ఆడవాళ్లంతా పగడపు దిబ్బల మీదే,
పోటు ఎక్కి తడిబట్టలతో వచ్చాకే
ఫనుమెజ ప్రార్థన పుస్తకం తెరిచేవాడు.
మూడే ప్రతులు. ఒకదానికి చివరి పేజీలు లేవు,
అది పట్టుకున్నవాళ్లు పక్కవాళ్ల నోరు చూసి ముగించేవాళ్లు.

ఈస్టరుకు నలభై.
ఆ మరుసటి ఆదివారం తొమ్మిది: ఆక్టోపస్ వేట తెరిచారు.
ఇరవై. పదమూడు. తుపాను (గీత కొట్టాను). ఇరవై ఆరు.
గోడలు ముందా, బావి ముందా అని రెండు నెలలు తగువు.
ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా సమాధానం ఇచ్చిపుచ్చుకున్నాం.
బావే గెలిచింది. నీళ్లు ఉప్పగా పడ్డాయి.
బెలాహికి ఆ నీళ్లతోనే బాప్తిస్మం.
వాడు పెదాలు నాక్కుని, మళ్లీ పోయమన్నట్టు తల వంచాడు.

జఫిసువ అవ్వకు చదువు రాదు.
అందరికంటే ముందొచ్చి ఇసుకను చీపురుతో
సన్నటి చారలుగా ఊడ్చేది.
ఆరాధన అయ్యాక వంగి అడుగుజాడలు చూసి చెప్పేది:
"ఫలానావాడు గుమ్మం దాకా వచ్చి వెనుదిరిగాడు.
ఆ కొత్త పిల్ల నీళ్లోసుకుంది, మడమ లోతుగా దిగింది."
ఆమె లెక్క ముందు నా పుస్తకం గుడ్డిది.

వానలు రాకముందే అవ్వ పోయింది.
మా సంఘంలో అదే మొదటి చావు.
కొడుకులు ముళ్ల అడవి అవతల ఉన్న
తమ పెద్దల సమాధుల దగ్గరికి మోసుకెళ్లారు, ఎద్దును కోశారు.
మమ్మల్ని నిలబడనిచ్చినంత దూరంలో నిలబడ్డాం,
పాట వాళ్లకు వినబడేంత దూరం.
ఫనుమెజ చేతులు వణికి ఒక పుట వదిలేసి చదివాడు.
ఎవరూ దిద్దలేదు.
అంతవరకూ మేం ఒకచోట చేరే మనుషులం.
తిరిగొస్తుంటే దారి పొడుగునా
ఎవరి బిడ్డను ఎవరు ఎత్తుకున్నారో చూసుకోలేదు.

ఆ ఆదివారం ఇసుక చిందరవందరగా ఉంది.
చాప మీద ఆమె చోటు వదిలి కూర్చున్నాం.
వచ్చినవాళ్లు: ఇరవై నాలుగు, అని రాశాను.

ఫాదర్ రజఫెర సంతకం పెట్టబోయి ఆగాడు.
"నేను రొట్టె విరిచింది ఇరవై మూడుగురికి."
నేను విశ్వాస ప్రమాణం అందుకున్నాను,
పరిశుద్ధుల సహవాసమును, అనే దాకా చెప్పి
అక్కడ నోరు మూసుకున్నాను.
ఆయన కొట్టెయ్యడానికి కలం మూత తీశాడు.
చాలాసేపు సముద్రం వైపు చూశాడు.
మూత పెట్టేశాడు.

కానుక గడి ఇంకా ఖాళీగా ఉంది, నింపాను:
నాలుగు వేల రెండొందల అరియారీలు,
ఎండుచేపలు రెండు,
కొత్త చీపురు ఒకటి.
ఎవరిచ్చారో తెలీదు.