పెచ్చు లేచిన చోట

ఏనెగుట్ట కింద జీపు ఆగిననాడు
మా అమ్మ రేగొండ సంతకు పోయి
రోళ్ళకు కక్కు గొడతమమ్మా కక్కు అని
గొంతెండేదాక ఒర్రి
నలభై రూపాయలతోని తిరిగొచ్చింది.
ఇప్పుడెవరింట్ల ఉన్నది రోలు?
మిక్సీకి గంట్లు పెట్టమని అడిగేటోళ్ళు లేరు.

జీపుల దిగిన మార్తాండరావు సారు
తాడుతోని నేలను గళ్ళు గళ్ళుగ కోసిండు.
గడికో నంబరు, నంబరుకో సంచి.
మా గుడిసెలోళ్ళను కూలికి పిలిచి
మెల్లగ, కుచ్చుతోని, అన్నడు.
నాయిన నవ్విండు:
పుట్టినకాడి సంది రాయిని పలగ్గొట్టుడే ఎరుక,
రాయిని నిమురుడు ఇయ్యాల్నే నేర్చుకుంటున్నం.

మూడోనాడు దొరికింది.
అరచేతంత నల్లరాయి,
ఒక దిక్కు సన్నగ, ఒక దిక్కు మొద్దుగ.
సారు దాన్ని పసిగుడ్డు లెక్క ఎత్తిండు.
గొడ్డలి అన్నడు, నాలుగు వేల ఏండ్లన్నడు.
ఊరోళ్ళు పిడుగురాయి అన్నరు.
అమ్మమ్మ కాలంల ఇసోంటిది కడిగిన నీళ్ళు
గాలికుంటు వచ్చిన గొడ్డుకు తాపేదట.

అమ్మ ఏమనలే.
కొంగుతోని తుడిచి కుడిచేతిల పట్టుకుంది. కుదరలే.
ఎడమకు మార్చింది.
బొటనవేలు తన గుంటల తాను పోయి కూసుంది.

చిన్నప్పటి సంది ఆ చేతికే దెబ్బలు.
పుర్రచెయ్యని అత్త బువ్వ వడ్డించనియ్యలే,
పెండ్లిల తలువాలు ముట్టనియ్యలే.
"నాలాంటిదే సారూ, ఇది చేసింది పుర్రచేతిది."
ఆడదని ఎట్ల చెప్తవమ్మా, అన్నడు సారు.
"ఆడదో మొగోడో నాకేమెరుక,
రాయి చెయ్యిని చెప్తది గని చీరను చెప్తదా?"

అంతటితోని ఆగలే.
గోరుతోని ఒకచోట గీసి చూపెట్టింది, కంటికి ఆనని జీర.
"ఇగో, ఈడ పెచ్చు తప్పు లేచింది.
ఇటు కొడితే అటు పోయింది.
లోపల నెర్రె ఉన్నది, సూస్కోలే పాపం.
దీనితోని ఎవలూ ఏ చెట్టూ నరకలే సారూ.
ఇది చెడిన రాయి. ఇసిరి పారేసింది."

సారు జరసేపు గుట్ట దిక్కు చూసిండు.
తర్వాత టోపీ తీసి, మట్టిల మోకాళ్ళేసి
ఇంకోసారి చెప్పమ్మా, అన్నడు.
ఆయన కాయితంల పొడుగుకు గడి ఉంది, బరువుకు ఉంది,
పుర్రచేతికి లేదు. అంచుల సన్నగ రాసుకున్నడు.
ఓర్సు గురువమ్మ అన్న పేరు మాత్రం
కూలి రిజిస్టర్లనే ఉన్నది, ఏలిముద్ర పక్కన.
రాయి దూదిల పండుకొని హైదరాబాదు పోయింది.

తాళ్ళు విప్పినం. మొలలు పీకిన బొక్కలల్ల
తెల్లారేసరికి చీమలు కాపురం పెట్టినయి.
నాకు మాత్రం ఒకటే తొలుస్తున్నది:
పొద్దంత చెక్కి చెక్కి
ఆఖరి దెబ్బకు చేతిల చెడిపోయిన రాయిని
ఏమని తిట్టి ఇసిరి ఉంటది?
అప్పటికి మాటలున్నయా?
ఉంటే, మొదలు పుట్టినయి తిట్లేనా?
కుండ పెంకు దొరికింది, బొగ్గు దొరికింది,
ఏదో జీవి పన్ను దొరికింది.
ఆ తిట్టు ఏ గడిలా దొరకలే.

రాత్రి కరెంటు లేదు.
మొగుళ్ళపల్లి నుంచి ఒక్క ముసలామె పంపిన ఇసుర్రాయి
అమ్మ ముందరేసుకుంది.
టక్కు, టక్కు, నడుమ ఊపిరి.
ఒక్క దెబ్బ జారి అంచు పగిలింది.
అమ్మ నోట్లకెళ్ళి ఒక మాట ఎగిరి పడ్డది,
మా ఒడ్డెరోళ్ళ మాట, బయట పలకనిది.

ఫోను వెలుగుల నోట్‌బుక్కు తెరిచి
తేదీ వేసి, గుట్ట పేరు వేసి
ఉన్నదున్నట్టు రాసిపెట్టుకున్న.
అమ్మ అప్పటికే సుత్తె మళ్ళ అందుకుంది,
పుర్రచేత్తోని.