లైన్లో ఎవరో ఉండారు

మా మొగిలీశ్వర డ్రైవింగ్ స్కూల్ ఆల్టోకి
రెండు బ్రేకులు, రెండు క్లచ్చులు.
ఎడమ సీటు నాది.
పదకొండేళ్ళుగా చిత్తూరు చిత్తూరంతా
నా చెప్పు కిందనే ఆగి, కదిలింది.

పంకజవల్లి మేడం చేరిన నాలుగో రోజు
కట్టమంచి చెరువు దాటినాక అడిగింది,
"ఈ పసుపు దీపం ఏంది నాయనా?"
నేను మెడ చాచేలోపల ఆరిపోయింది.
"ఎండ పడింటుంది మేడం, రోడ్డు చూడండి."

మురకంబట్టు దగ్గర మళ్ళీ వెలిగిందంట.
గిరింపేటలో మళ్ళీ.
మామిడికాయల లారీ వెనక ఇరుక్కుని
సెకండ్ గేర్లో పాకేటప్పుడు ఉంటుందంట,
తోవ దొరికితే ఉండదంట.

ఏకాంబరం షెడ్డుకి తోలకపోతే
డాక్టరు గడప తొక్కిన పంటినొప్పి మాదిరి
బుద్ధిగా మాయమైపోయింది.
స్కానర్ తగిలించి, రెండొందలు తీసుకుని,
"ఎప్పుడో వచ్చిపోయిన కోడ్ ఒకటుండె, చెరిపేసినా" అన్నాడు.
మళ్ళా వస్తే?
"మళ్ళా చెరిపేద్దాం.
లేదంటే ఇంత నల్ల టేపు అంటించు సామీ,
సగం ఊరు అట్లనే తిరగతా ఉండాది."

గుణశేఖర్‌ని అడిగినా. పాల డైరీ మునెమ్మని అడిగినా.
"దీపమా? ఏ దీపం సార్?"
అయితే ఈమె తోలితేనే వస్తాంది,
క్లచ్ మీద కాలు మరిచిపోతాందేమో అనుకున్నా.
పైకి అన్లేదు.
అయినా ఆమెకి వినిపించినట్టే ఉంది.

మరుసటి రోజు నోటుబుక్కు తెచ్చింది.
తేదీ, టైము, చోటు, గేరు,
ఎన్ని సెకన్లు.
ఎర్ర పెన్నుతో గీతలు కొట్టిన పట్టీలు.
"పాత అలవాటు" అంది.
టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో ముప్పై రెండేళ్ళు,
మొదటి పదేళ్ళూ ట్రంకు బోర్డు ముందర.

"బోర్డు మీద దీపం మినుక్కుమంటే
అవతల ఎవరో ఉండారని లెక్క.
పలమనేరు నించి బెల్లం బేరమో,
వేలూరు ఆస్పత్రి నించి చావు కబురో.
ఆరిపోతే పని అయిపోయిందని కాదు నాయనా,
పాపం, విసిగి పెట్టేసినారని."

ఆ పొద్దు ఆమెని నా సీట్లో కూర్చోబెట్టి
స్టీరింగ్ నేను పట్టినా.
పూతలపట్టు రోడ్డు, ముందర లారీ, సెకండ్ గేరు.
వెలిగింది.
నా వేళ్ళ మధ్యలోనే వెలిగింది.
ఎడమ సీట్లోంచి చూస్తే
స్టీరింగ్ అంచు దాన్ని కప్పేస్తాదని
పదకొండేళ్ళకి తెలిసింది.
ఆమె ఏమీ అన్లేదు.
అద్దం దించి మామిడి వాసన పీల్చింది.

నోటుబుక్కు చదివి ఏకాంబరం తల గోక్కున్నాడు.
నిదానం, వేడి, కుదుపు, మూడూ కలిస్తేనే.
కిందికి దూరి చాలాసేపటికి పిలిచినాడు:
ఎలక కొరికిన వైరు,
ఒకే ఒక రాగి పోగు
బాడీని తాకతా, తాకకుండా.
దీపానికి అంటించమన్న నల్ల టేపునే
దానికి చుట్టినాడు.

పంకజవల్లి మేడం టెస్టులో
ఎనిమిది అంకె దగ్గర ఫెయిలయింది.
వచ్చే నెల మళ్ళీ వస్తానంది.
నోటుబుక్కు డాష్‌బోర్డు అరలోనే వదిలిపోయింది.

దీపం ఇప్పుడు రావడంలేదు.
నా మెడ మాత్రం ఊరికే కుడికి వంగతా ఉంటుంది.
నిన్న సంతపేట మలుపులో
గుణశేఖర్ క్లచ్ దబుక్కున వదిలేసినాడు.
బండి ఆగిపోయి, బోర్డు మీద దీపాలన్నీ
ఒక్కసారే వెలిగినాయి.
వెనక ఆటోలు హారన్లు కొడతా ఉంటే
"స్టార్ట్ చెయ్యి" అని చెప్పడానికి
నాకు కొంచెం ఆలస్యమైంది.