మినిట్స్ రాసేదాన్ని

గ్దీనియా ఓడల మరమ్మతు యార్డులో
పదకొండేళ్ళుగా మీటింగుల మినిట్స్ రాస్తున్నాను.
ఎవరేమన్నారో రాయడమే నా కొలువు.
ఎలా అన్నారో రాయడానికి గడి లేదు.

మూడో డాక్‌కి అధికారి బోగ్నా విల్చెక్.
"ఆ అతుకుని ఇంకోసారి చూద్దామా?" అందంటే
చూడమని కాదు, కోసేసి మళ్ళీ వెయ్యమని.
పాత వెల్డర్లు టోపీ సర్దుకుని లేస్తారు.
కొత్తగా వచ్చిన ఇంజనీరు మాత్రం
నిజంగానే వెళ్ళి చూసొచ్చి, బాగానే ఉందన్నాడు.
ఆవిడ టీ గ్లాసులో చెంచా తిప్పడం ఆపింది.
ఆ ఆగడాన్ని ఎక్కడ రాయను?

నవంబరులో ఓ పొద్దున
బాల్టిక్ గాలి క్రేను కొక్కేన్ని ఊపేస్తుంటే
కింద ఉన్న ముగ్గురికీ వినబడేలా
ఒక్కటే కేక: "పరుగెత్తండి!"
ఇనుము పడినచోట కాంక్రీటు గుంటపడింది.
ఇప్పటికీ వానొస్తే అందులో నీళ్ళు నిలుస్తాయి.
మర్నాడు మీటింగులో జెనోన్ అన్నాడు,
"ప్రమాదం తప్పింది, సంతోషం. కానీ ఆ గొంతు కొంచెం..."
వాక్యం ముగించలేదు. నేనూ చుక్కలే పెట్టాను.
ఆవిడ మరీ మెత్తన అని
అంతకు ముందు వారం అన్నదీ అతనే.
పేజీ వెనక్కి తిప్పితే ఉంది, నా దస్తూరీలో.

నిన్న ఆడిట్ కోసం పాత ఫైళ్ళు దులుపుతుంటే
తుమ్ములు వచ్చాయి, తర్వాత సిగ్గొచ్చింది.
జెనోన్ నిర్ణయించారు. జెనోన్ ఆదేశించారు.
విల్చెక్ అభిప్రాయపడ్డారు.
విల్చెక్ సూచించారు. విల్చెక్ కోరారు.
తుపాను రాత్రి డాక్ గేటు మూయించిన రోజున కూడా,
ఆ గేటు మూసుకున్నాక కూడా,
కోరారు!
ఈ మాటలు ఏరినదెవరని నిలదీద్దామంటే
గదిలో నేనూ, నా పెన్నూ తప్ప ఎవరూ లేరు.

ఇవాళ మీటింగులో ఆవిడ అన్నది ఇదీ:
"శుక్రవారంలోగా పంపు సంగతి తేలితే బాగుంటుందేమో."
నేను రాసింది ఇదీ:
శుక్రవారంలోగా పంపు బాగు చెయ్యాలని విల్చెక్ ఆదేశించారు.

సంతకానికి తీసుకెళ్ళాను.
ఆ వరుస దగ్గర కళ్ళజోడు పైకి తోసుకుంది.
"ఇలా అన్నానా?"
"అనలేదు."
"మరి?"
"అందరికీ అలాగే వినబడింది."

కాసేపు కిటికీలోంచి డాక్ వైపు చూసింది.
ఆదేశించారు కొట్టేసి
పైన చిన్న అక్షరాలతో
చెప్పారు అని రాసి, సంతకం పెట్టింది.

పంపు గురువారానికే తిరిగింది.