రాజుగారి ముక్కు

బ్రిస్టల్ కోట వెనక టంకశాలలో
ఆంబ్రోస్ టల్క్ పని, తెల్లబరచడం.
మూడు పాళ్ళలో రెండు పాళ్ళు రాగి.
కొలిమి దిగేసరికి బిళ్ళలు
ఇటుకపెంకుల్లా ఉంటాయి.
ద్రాక్షసారా పీపాల అడుగున గట్టిపడ్డ పుల్లటి మడ్డి,
దోసెడు ఉప్పు
(చింతపండు ఎరగని ఊరు మరి),
మరగబెట్టి కలియతిప్పితే
పైపై రాగి కరిగిపోయి
వెంట్రుకవాసి వెండి మిగులుతుంది.
దానిమీద రాజుగారి ముఖం గుద్దుతారు.

పక్కకు చూసే రాజైతే చెంప అరిగేది.
ఈయన ఎదురుగా చూస్తాడు,
అందరికంటే ముందు ముక్కే.

ఆంబ్రోస్ భార్య థామసిన్
వంతెన మొదట్లో మలుగుచేపలు అమ్ముతుంది.
తడిచేతులు, ఉప్పుచేతులు.
ఆమె సంచిలో రెండు వారాలుంటే చాలు
రాజుగారి ముక్కు ఎర్రబడుతుంది.
"జలుబు చేసింది పాపం" అనుకుంటుంది,
పైకి కాదు.
నాణెం వద్దన్నవాణ్ణి
బొండకొయ్యలో బిగిస్తారని దండోరా.

మన నుడిలో నాణెం, నాణ్యం ఒకతల్లి బిడ్డలు.
ఎప్పుడు వేరుకాపురం పెట్టారో
టంకశాలవాళ్ళనే అడగాలి.

ఒక రాత్రి ఆమె అడిగింది:
"నువ్వు ఉడకబెడుతున్నది రాగినా, మమ్మల్నా?"
అతను చేతులు చాపాడు.
గోళ్ళ చుట్టూ తోలు ఊడి, పాలిపోయి,
ఆ ఇంట్లో నిఖార్సయిన తెలుపు అవే.
కూలీ కూడా ఆ బిళ్ళల్లోనే ఇచ్చారు మరి.

అయిదేళ్ళు దాచింది
పొయ్యి పక్క వదులురాయి వెనక.
బెడ్‌మిన్‌స్టర్‌లో ఒక నుదుటిచుక్క ఆవు,
ఇరవై నాణేలకు బేరం కుదిరింది.

జూలైలో దండోరావాడు వచ్చాడు.
పన్నెండు పెన్నీల నాణెం ఇక తొమ్మిది.
ఆగస్టులో మళ్ళీ వచ్చాడు, గొంతు బొంగురుపోయి.
ఆరు.

దొంగ రాలేదు.
రాయి కదల్లేదు.
లెక్కపెడితే ఇరవైకి ఇరవై ఉన్నాయి,
సగం ఆవు లేదు.

బెడ్‌మిన్‌స్టర్‌లో ఆవు మాత్రం
నాలుగు కాళ్ళమీదే నిలబడి
ఎవరిదో గడ్డి మేస్తోంది.

ఇప్పుడు థామసిన్ చిల్లర తీసుకునేముందు
చెయ్యి కొంగుకు తుడుచుకుంటుంది.
బొటనవేలు ముక్కుకు తగలనివ్వదు.
అంచులు పట్టుకుంటుంది,
ముళ్ళున్న చేపను పట్టినట్టు.

టంకశాల మూసి రెండేళ్ళయింది.
ఆంబ్రోస్ రేవులో బస్తాలు మోస్తాడు.
ఎండలో, మసిలో, తారులో.
చేతులు ఇంకా
రంగు తిరగలేదు.